కంట్రోలరమ్మ నాలుగు సెకన్లు

బోర్డు మీద ఎర్ర అంకె నాలుగు దగ్గర ఆగి ఉంది. బల్ల మీద స్విచ్చి పెట్టె, ఆ స్విచ్చి మీద కంట్రోలరమ్మ కుడి బొటనవేలు. కిందికి నొక్కితే గడియారం నడుస్తుంది, పైకెత్తితే ఆగుతుంది. అంతే పని. ఆ మాత్రం పనికి ఆమెను బస్టాండు నుంచి పిలుచుకొచ్చారు. టైము చూడాల్సిన మనిషి రాలేదని తెలిసి డిపో మేనేజరు, "ఇరవై ఆరేళ్ళుగా బస్సులకు టైమిచ్చే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకు?" అన్నాడు. కోడలు ఆడే బాస్కెట్‌బాల్ ఆటకు అత్త టైము చూడడమేమిటని అప్పుడు ఎవరికీ తోచలేదు. అవతలి జట్టు, వర్క్‌షాపు ఆడవాళ్ళు కూడా సరేనని తలూపారు.

డిపో వెనక సిమెంటు కోర్టు. చుట్టూ సున్నం పూసిన పాత టైర్లు. మధ్యాహ్నం నుంచి ఎండలో కూచుని ఆమె నడుము పట్టేసింది. పొద్దున అయిదింటికి ఎక్కిన డ్యూటీ, దాని మీద ఇది. వర్క్‌షాపుకు నలభై ఒకటి, డిపోకు నలభై. బంతి డిపోది.

ఆట మొదలుకాక ముందే రిఫరీ ఆమెకు ఒక మాట చెప్పాడు. "అమ్మా, మీరు బంతిని చూడొద్దు, మనుషుల్ని చూడొద్దు. నా చెయ్యి చూడండి. లోపలున్న మనిషికి బంతి తగలగానే ఎత్తిన చెయ్యి దించుతాను. దించగానే నొక్కండి." ఆటంతా ఆమె అలాగే చేసింది. వంక పెట్టిన మనిషి లేడు.

రిఫరీ చెయ్యెత్తాడు. గీత బయటినుంచి బంతి లోపలికొచ్చింది. పొట్టి కండక్టరు అందుకుంది. అటు చివర్నుంచి కోడలు పరుగు తీసింది. జడ వీపు మీద ఇటూ అటూ కొట్టుకుంటోంది. ఇద్దరు వర్క్‌షాపు ఆడవాళ్ళు అడ్డం వస్తే మధ్యలోంచి దూరింది. బంతి చేతికొచ్చింది. రెండడుగులు వేసి ఎగిరింది. బంతి గాలిలో ఉండగా హారను మోగింది. బంతి రింగు అంచు మీద ఒక క్షణం కూచుని, ఏమనుకుందో ఏమో, లోపలికి జారింది.

డిపో వాళ్ళు కోర్టులోకి దూకారు. ఎవరో పళ్ళెం మీద గరిటెతో వాయించారు. ఆ గోలలోంచి వర్క్‌షాపు జట్టు నాయకురాలు తిన్నగా బల్ల దగ్గరికి నడిచొచ్చింది. మనిషి అంత పొడుగు కాబట్టి అందరూ ఆమెను నిచ్చెన అంటారు. బస్సు కింద పడుకుని బోల్టులు బిగించే చేతులను బల్ల మీద ఆనించి వంగింది.

"నాలుగు సెకన్లంటే ఎన్నమ్మా? మీ బస్టాండులో లెక్క వేరా?"

"చెయ్యి దించగానే నొక్కాను," అంది కంట్రోలరమ్మ.

"ఆ నాలుగు సెకన్లలో నేను రెండుసార్లు ఊపిరి తీసుకున్నా. నొక్కకుండా ఎందుకుంటావులే! కోడలు గెలవకపోతే ఇంటికెళ్ళాక ముద్ద పెట్టేదెవరు?" వెనకున్న ఆడవాళ్ళు నవ్వలేదు. "దొంగ గడియారం," అంది నిచ్చెన. ఆ మాట మెల్లగానే అంది. గట్టిగా అరిచి ఉంటే కంట్రోలరమ్మకు అంత తగిలేది కాదు.

రిఫరీని అడిగితే, "నేను బంతి మీదున్నాను, బోర్డు చూడలేదు," అన్నాడు. పక్కన కూచుని స్కోరు రాసే గుమాస్తా తల కాగితం మీద ఉంది. ఒక క్లీనరు ఫోనులో ఆటంతా తీశాడు. తీరా చూస్తే అసలు సమయానికి ఉత్సాహం పట్టలేక తనే గెంతాడు. వీడియోలో ఆకాశముంది, ఒక కాకి ఉంది, ఎవరిదో చెప్పు ఉంది. వర్క్‌షాపు వాళ్ళు తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి రిఫరీ చేతికిచ్చి వెళ్ళిపోయారు. మూడు రోజుల్లో ఆటల కమిటీ తేలుస్తుందన్నారు.

*

ఇంటికొచ్చి కోడలు చెమట చొక్కాను బకెట్లో నానబెట్టింది. సబ్బు నురగలో చెయ్యి పెట్టుకుని చాలాసేపు అలాగే కూచుంది.

"అమ్మా, గెలిచావా?" అని అడిగింది నాలుగేళ్ళ కూతురు.

"గెలిచామన్నారు," అంది కోడలు.

కంట్రోలరమ్మ మనవరాలి జడ విప్పుతోంది. కొడుకు దూరపు సర్వీసు డ్రైవరు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కోడలిది తెల్లవారుజాము మొదటి బస్సు, మూడింటికే లేచి తయారై వెళ్ళాలి. పిల్ల నిద్రలో పక్కకు తడుముకుని, అమ్మ తగలక లేచి కూచుంటుంది. ఆ వేళకు కంట్రోలరమ్మ కూడా డ్యూటీకి బయల్దేరుతుంటుంది. పక్కింటావిడకు పిల్లను అప్పజెప్పి, అది ఏడుస్తుంటే వెనక్కి చూడకుండా నడవడం ఈ రెండేళ్ళుగా అలవాటైంది. పెద్ద పోటీలకు ఎంపికైన కండక్టర్లకు పగటి డ్యూటీ ఇస్తారు. ఈ ఆట గెలిచిన జట్టే ఆ పోటీలకు వెళుతుంది. డిపో గెలిస్తే ఆ ఏడుపు ఆగుతుంది. ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

"అత్తయ్యా, నడుముకు తైలం రాయనా?" అంది కోడలు.

"నువ్వే పడుకో. పొద్దున్నే నీ బస్సుంది."



*

కంట్రోలరమ్మ గది బస్టాండు గేటు పక్కన ఉంటుంది. ఒక కిటికీ, ఒక బల్ల, గోడకు గడియారం, బల్ల మీద టైము షీటు. మెడలో నల్లతాడుకు ఈల. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో షీట్లో రాసి, ఈల ఊదితేనే బస్సు గేటు దాటాలి. ఆ ఈల నోటికి ఎంత అలవాటంటే, అన్నం తింటున్నప్పుడు కూడా ఒక్కోసారి చెయ్యి మెడ దగ్గరికి పోతుంది.

మర్నాడు పొద్దుటి నుంచీ వచ్చేపోయే డ్రైవర్లందరికీ అదే మాట. అందరికంటే పెద్దవాడు గేర్ల తాత. గేరు మార్చినప్పుడల్లా బస్సుతో మాట్లాడతాడని ఆ పేరొచ్చింది. కిటికీలోంచి తల పెట్టి, "ఏమ్మా, బంతి లోపల పడేదాకా గడియారాన్ని బజ్జోబెట్టావటగా?" అన్నాడు.

"నీ నోట్లో పళ్ళు లేక మాటలు అలా జారతాయి."

"పళ్ళున్నప్పుడు కూడా జారేవిలే. దాంతోనే కదా మా ఆవిడ పళ్ళూడగొట్టింది."

ఆమె నవ్వలేదు. తాత తల వెనక్కి తీసుకున్నాడు.

భోజనాల వేళకు నిచ్చెన వచ్చింది. నూనె మరకల పనిబట్టలు, తలకు గుడ్డ. గది గుమ్మం ఆమెకు చాల్లేదు, కొంచెం వంగి నిలబడింది.

"నిన్న దొంగ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రాలేదు," అంది.

"మరి ఎందుకొచ్చావు?"

"అడగడానికి. మీరెప్పుడు నొక్కారు?"

"చెప్పాగా. రిఫరీ చెయ్యి దించగానే."

"చెయ్యి దించడం చూశారా?"

"చూశాను," అంది కంట్రోలరమ్మ. అన్నాక ఆ చెయ్యిని తలుచుకుంటే కళ్ళ ముందుకు రాలేదు. ఎత్తడం గుర్తుంది. దించడం గుర్తు లేదు. దాని చోట కోడలి జడ ఉంది, వీపు మీద కొట్టుకుంటూ.

నిచ్చెన గుమ్మానికి ఆనుకుంది. "ఆరేళ్ళుగా నేను టెంపరరీని. పెద్ద పోటీలకు పోయినవాళ్ళను పర్మినెంటు చేస్తారు, తెలుసుగా. పైఏడు నాకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు. ఓడిపోతే ఓడిపోయాను, బోల్టులు నాకేం కొత్తా? కాని ఓడిపోయానో లేదో నాకు తెలియాలి కదమ్మా. అది తెలియకుండా బస్సు కింద పడుకుంటే, పైనున్న బస్సంతా గుండెల మీద పెట్టుకున్నట్టుంది."

కంట్రోలరమ్మ షీటు సర్దింది. సర్దిన షీటునే మళ్ళీ సర్దింది. "నేను అబద్ధం ఆడే మనిషిని కాను," అంది.

"నేనూ అలాగే విన్నాను. అందుకే వచ్చా," అని నిచ్చెన తల వంచి బయటికెళ్ళింది.

ఒంటిగంటా పదికి గేర్ల తాత బస్సు. ఇంజను నడుస్తోంది. కంట్రోలరమ్మ గుమ్మంలోకొచ్చి ఈల నోట్లో పెట్టుకుంది. అప్పుడే అటు వీధి చివర్నుంచి ఒకామె, చంకలో పిల్ల, చేతిలో సంచి, పరుగెత్తుకొస్తోంది. ఒక చెప్పు ఊడితే దాన్ని చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టాక ఈల మోగింది. కంట్రోలరమ్మ లోపలికి పోయి షీట్లో ఒకటీ పది అని రాసింది.

తాత బస్సు కదిలించకుండా అద్దం దించాడు. "ఇందాక ఏదో వేళాకోళమాడాను కాని, ఒక మాట చెప్పనా? నేను చాలా స్టాండ్లు చూశాను. టైము దాటితే జనం దూరం నుంచే ఆగిపోతారు, పోయిందిలే అని. ఇక్కడ మాత్రం పరుగెత్తుతారు. ఎందుకో తెలుసా? పరుగెత్తే మనిషి కనిపిస్తే నీ ఈల మోగదని. ఊరంతటికీ తెలుసు ఆ సంగతి. నీకొక్కదానికే తెలియదు." గేరు వేసి, "పద తల్లీ," అని బస్సుతో అని వెళ్ళిపోయాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. దుమ్ము అణిగింది. కుడి చేతి బొటనవేలును ఎడం చేత్తో పట్టుకుని చూసుకుంది. ఎవరో అప్పిచ్చి పోయిన వస్తువులా ఉంది అది.

ఆ సాయంత్రం లోపల మరో ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. మొదటి ఇద్దరికీ ఆమె ఒక కన్ను గోడ గడియారం సెకను ముల్లు మీద పెట్టింది. ఊదాలనుకున్న క్షణానికీ ఊదిన క్షణానికీ మధ్య ముల్లు రెండుసార్లూ ముందుకు నడిచింది. ఒకసారి ఆరు గీతలు, ఒకసారి పది. మూడోసారి ఆమె చూడలేదు. చాలనిపించింది.

*

మూడో రోజు పొద్దున మేనేజరు పిలిచాడు. బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఉంది. "రిఫరీ సంజ్ఞ అందిన తక్షణమే గడియారము ప్రారంభించితినని ఇందుమూలముగా తెలియజేయడమైనది." కింద సంతకానికి గీత.

"ఒక్క సంతకం. పదింటికి కమిటీకి పంపించేస్తే గొడవ వదిలిపోతుంది," అన్నాడు మేనేజరు.

"నాకు ఆయన చెయ్యి దించడం గుర్తు లేదండి."

"గుర్తు లేకపోతే మరీ మంచిది. దించినప్పుడు నొక్కలేదని కూడా గుర్తు లేదుగా."

ఆమె కాగితాన్ని వేలితో ఆయన వైపు జరిపింది.

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కోపిష్ఠి మనిషి కాడు. "చూడమ్మా, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నిన్నెవరూ ఏమీ అనలేదు. తప్పంతా వర్క్‌షాపు వాళ్ళ అనుమానంలో ఉంది. నువ్వు నోరు తెరిస్తే అది నీ ఇంట్లోకి వస్తుంది. కోడలి కోసం చేసిందంటారు. అప్పుడు నిజం చెప్పినా దొంగవే, చెప్పకపోయినా దొంగవే. పైగా నీ కోడలికి పగటి డ్యూటీ నా అంతట నేను ఇవ్వలేను. ఆ పోటీలకెళితేనే ఇవ్వగలను. పిల్ల మొహం చూసైనా సంతకం పెట్టు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆమెకు మరీ నీరసమొచ్చింది.

"ఒక తెల్లకాగితం ఇప్పించండి," అంది.

బల్ల చివర నిలబడే రాసింది. కూచోమన్నా కూచోలేదు. షీట్లో అంకెలు రాసే చెయ్యి, మాటలు రాయడానికి తడబడింది. "ఆఖరి నాలుగు సెకన్లప్పుడు నేను రిఫరీ చేతిని చూడలేదు. పరుగెత్తుతున్న మనిషిని చూశాను. పరుగెత్తే మనిషిని చూస్తే నా చెయ్యి ఆగుతుంది, అది బస్టాండులో పడిన అలవాటు. గడియారం ఒక సెకనుకు పైనే ఆలస్యంగా నొక్కాను. కోడలు కదా అని చెయ్యి ఆపలేదు. ఆపలేదనే అనుకుంటున్నాను." చివరి వాక్యం మీదికి కలం రెండుసార్లు పోయింది. కొట్టెయ్యకుండానే సంతకం పెట్టింది.

మేనేజరు చదివి కళ్ళజోడు తీశాడు. "ఈ ఆఖరి ముక్క ఎందుకమ్మా?"

"నాకు తెలిసిందంతే అండి."

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ సంగతి ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. కోడలు గుమ్మంలో కూచుని పిల్ల గౌనుకు గుండీ కుడుతోంది. తలెత్తలేదు.

"రాసిచ్చేశారటగా అత్తయ్యా."

"ఊఁ."

"నన్నొక మాట అడిగుండొచ్చు."

"అడిగితే ఏమనేదానివి?"

"రాయొద్దనేదాన్ని." దారం పళ్ళతో తెంపింది. గుండీని లాగి చూసింది. అది గట్టిగానే ఉంది. ఇంకోసారి లాగింది. "మూడింటికి లేచేది మీరు కాదు. అది నిద్దట్లో నన్ను తడుముతుంటే చెయ్యి విడిపించుకుని వెళ్ళేది మీరు కాదు."

కంట్రోలరమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గుమ్మంలో కోడలి పక్కన కూచుంది.

కాసేపటికి కోడలే అంది, "ఆ పరుగు మేము రోజూ సాధన చేసేదే. నాలుగు సెకన్లకు ఎప్పుడూ సరిపోదు. బంతి నా చేతికొచ్చేసరికి హారను మోగేస్తుంది. ఆ రోజు మోగలేదు." గౌను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మోగలేదు కదా అని వేశాను."

అత్తా కోడళ్ళిద్దరూ వీధిలోకి చూస్తూ కూచున్నారు. లోపల్నుంచి పిల్ల, "నానమ్మా, జడా!" అని కేకేసింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.

*

ఆఖరి నాలుగు సెకన్లు మళ్ళీ ఆడించాలని కమిటీ తీర్మానించింది. అదే స్కోరు, అదే గీత, అదే బంతి. మర్నాడు సాయంత్రం డ్యూటీలు దిగాక డిపో వెనక జనం చేరారు. నాలుగు సెకన్లు చూడడానికి నాలుగు మైళ్ళు వచ్చినవాళ్ళున్నారు. టైము చూడడానికి పై ఆఫీసు నుంచి కళ్ళజోడాయన ఒకడొచ్చి, బల్ల తుడిపించుకుని కూచున్నాడు. కంట్రోలరమ్మ టైర్ల వెనక, ఎవరికీ కనపడనంత దూరంలో నిలబడింది. అసలు రాకూడదనుకుంది. కాళ్ళు తీసుకొచ్చాయి.

నిచ్చెన రిఫరీతో ఏదో అంది. రిఫరీ బల్ల వైపు చూశాడు. ఫిర్యాదు ఇచ్చిన జట్టుకు ఆ మాట అడిగే హక్కుందో లేదో అని పెద్దవాళ్ళు కాసేపు మల్లగుల్లాలు పడ్డారు. అప్పుడు నిచ్చెన గొంతు అందరికీ వినిపించింది. "ఈయనెవరో మాకు తెలియదు సార్. ఆవిడ ఏం చేసిందో ఆవిడే చెప్పింది. ఆవిడనే కూచోబెట్టండి."

"నేను కూచోను," అంది కంట్రోలరమ్మ, టైర్ల వెనక నుంచే.

"కూచోండి అత్తయ్యా, పొద్దుపోతోంది," అని కోడలు కోర్టులోంచి అంది. గొంతులో ప్రేమా లేదు, కోపమూ లేదు. కూర దించమన్నట్టు అంది.

కళ్ళజోడాయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె బొటనవేలు స్విచ్చి మీద పెట్టింది. తడిగా ఉంటే చీరకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. బోర్డు మీద ఎర్ర నాలుగు.

రిఫరీ చెయ్యెత్తాడు. ఆమె ఆ చెయ్యినే చూసింది. మణికట్టుకు కట్టిన గుడ్డ, గోళ్ళు, చిటికెన వేలు పక్కన పాత మచ్చ. వాటిని తప్ప లోకంలో దేన్నీ చూడకూడదనుకుంది. బంతి చప్పుడు వినిపించింది. అటు చివర్నుంచి అడుగులు బయల్దేరాయి. ఎవరివో ఆమెకు తెలుసు. రెండేళ్ళుగా తెల్లవారుజామున తలుపు చప్పుడు కాకుండా వేసి వీధిలోకి వెళ్ళే అడుగులవి. నిద్రలో కూడా గుర్తుపడుతుంది. మెడ తనంతట తను ఆ వైపు తిరగబోయింది. తిరగనివ్వలేదు.

చెయ్యి దిగింది. నొక్కింది.

హారను మోగాకే తలెత్తింది. కోడలు రింగు ముందు మోకాళ్ళు వంచి, ఎగరబోతూ ఆగిపోయి ఉంది. బంతి ఇంకా రెండు చేతుల్లోనే ఉంది.

ఎవరూ అరవలేదు. వర్క్‌షాపు వాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. కోడలు బంతిని తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇవ్వాళ సరిగ్గా నాలుగే," అని నీళ్ళ సీసా కోసం వెళ్ళిపోయింది. స్విచ్చి పెట్టె తీగ నేల మీద పడుంటే, నిచ్చెన వంగి తీసి, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్ట చుట్టి, ముడి వేసి, కంట్రోలరమ్మ ముందు పెట్టింది. వర్క్‌షాపులో తీగలు అలాగే చుడతారు.

*

తెల్లారి అయిదు కావస్తోంది. మొదటి బస్సు గేటు దగ్గర నిలబడి ఉంది. వెనక మెట్టు దగ్గర కోడలు, భుజానికి టికెట్ల సంచి, చేతిలో గంటతాడు. స్టీరింగు దగ్గర గేర్ల తాత ఆవులిస్తున్నాడు. అత్తా కోడళ్ళు ఇంటినుంచి ఒకరి వెనక ఒకరు వచ్చారు. పిల్ల ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది.

ముల్లు పన్నెండు మీదికొచ్చింది. అప్పుడే వీధి దీపం కింద ఒక ముసలాయన కనిపించాడు. నెత్తి మీద మూట, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, పరుగులాంటి నడక. కంట్రోలరమ్మ ఆయన్ను చూసింది. చూపు తిప్పుకుని గడియారం మీద పెట్టింది. ఈల ఊదింది. సరిగ్గా అయిదు.

బస్సు కదల్లేదు.

"ఏమ్మా, గంట?" అన్నాడు తాత ముందునుంచి.

కోడలు గంటతాడు పట్టుకునే ఉంది. లాగలేదు. ముసలాయన గేటు దాకా వచ్చాడు. ఆయాసంతో నోరు తెరుచుకునే, మూట ముందు పైకందించాడు. కోడలు వంగి అందుకుంది. ఆయన రెక్క పట్టుకుని పైకి లాగింది.

"ఈల వినపడలేదా?" అంది కంట్రోలరమ్మ.

"వినపడింది అత్తయ్యా," అంది కోడలు. "రాసుకోండి." రెండుసార్లు గంట లాగింది. బస్సు గేటు దాటింది.

ఆమె లోపలికి పోయి కూచుంది. కలం తీసి, షీట్లో మొదటి గడి దగ్గర పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా, ఎవరి కోసం ఎంతసేపు ఆగినా, ఆ గడిలో అయిదూ సున్నా అనే రాసింది. గోడ గడియారం కేసి చూసి, అయిదూ ఒకటి అని రాసింది. పక్కన కారణం రాసే గడి ఉంటుంది. ఎన్నడూ ఎవరూ నింపని గడి. అందులో, ముసలాయన పరుగెత్తుకొస్తుంటే ఆగింది అని చిన్న అక్షరాలతో రాసి, రెండో బస్సుకు ఈల తీసుకుని లేచింది.